తిరుపతి ముక్కు

కోరుట్ల బస్టాండు పక్కన కంప్యూటర్ల దుకాణం నడిపిన తిరుపతి, వాసన చూడకుండా ఏ వస్తువూ అమ్మి ఎరగడు. మౌస్ కానీ మదర్‌బోర్డు కానీ, డబ్బా తెరిచి, కళ్లు మూసుకుని, ముక్కును లోపలికంటా దూర్చి గట్టిగా ఒక్క పీల్పు పీల్చేవాడు. తర్వాత తీర్పు. "మంచిగున్నది, తీస్కపో" అన్నాడా, మన అదృష్టం. "ఊహూఁ, మాడు వాసన" అన్నాడా, కంపెనీ యజమాని వచ్చి దండం పెట్టినా ఆ డబ్బా తిరిగి అర ఎక్కాల్సిందే.

ఊరు ఆ ముక్కును నమ్మింది. నమ్మకేం? బీర్పూరులో తాతల కాలం నుంచి కల్లు గీసిన ఇల్లు వాళ్లది. ఆ ఇంటివాళ్లు లొట్టి దగ్గరికి ముక్కు వంచితే చాలు, అది పొద్దటి కల్లో మాపటి కల్లో, అందులో ఎన్ని చెంబుల నీళ్లు కలిశాయో చెప్పేస్తారని పేరు. అంతటి ముక్కుకు కంప్యూటరొక లెక్కా? కొన్నాళ్లకు జనం నెయ్యి సీసాలు తెచ్చారు, సిరిసిల్ల చీరలు తెచ్చారు, చివరికి పెళ్లిసంబంధాల ఫొటోలూ తెచ్చారు. పక్కన చాయ్ హోటల్ సాయిలైతే తాను కొనబోయే ప్లాటు కాగితాలే పట్టుకొచ్చాడు. తిరుపతి వాటిని రెండు రోజులు దగ్గర పెట్టుకుని, మూడో రోజు ముద్ర మీద ముక్కు ఆనించి, "గిది కొనకు సాయిలూ, కుళ్లు వాసన" అన్నాడు. నెల తిరక్కముందే ఆ ప్లాటును అప్పటికే ముగ్గురికి అమ్మారని బయటపడింది. ఆ దెబ్బతో ముక్కు పేరు జగిత్యాల దాకా పాకింది.

లోపమల్లా ఒక్కటే. సొంత దుకాణంలోని వాసనలు ఆ ముక్కుకు పట్టేవి కావు. వెనక గదిలో స్టవ్ మీద పాలు మాడి పొగ కమ్ముకుంటే, సాయిలు తన హోటల్లోంచి అరిచేవాడు.

"ఓ తిరుపతీ! పాలు మాడుతున్నయ్!"

"నాకెరికే. మాడనియ్యి!"

ఒకసారి ప్రింటర్ వెనక ఎలుక చచ్చి మూడు రోజులైంది. గిరాకీలు దస్తీలు అడ్డం పెట్టుకుని పరుగెత్తుతుంటే, తిరుపతి తీరిగ్గా పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. ఇదేమిటని నిలదీస్తే, "పెద్ద ముక్కుకు చిన్న వాసనలు ఆనవు" అన్నాడు.

అలాంటి ముక్కు ముందుకు కథలాపూర్ నుంచి వనిత వచ్చింది. డిగ్రీ చివరి ఏడు. ఆన్‌లైన్ ఆటలాడే ఒక జట్టు ఆమెను ఎంపిక పోటీకి పిలిచింది. పోటీ ఇక పది రోజులే. ఇంట్లోని పాత కంప్యూటర్ సరిగ్గా శత్రువు ఎదురైనప్పుడే బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి వనిత చచ్చిపడి ఉండేది. ఆరు నెలలు వీడియోలు చూసి, ఏ భాగం ఏది కొనాలో కాగితం మీద రాసుకుంది. గ్రాఫిక్స్ కార్డు దగ్గర 'అన్నింటికన్నా పెద్దది' అని రాసి కింద రెండు గీతలు గీసింది. అది లేకుంటే జట్టులో చోటు లేనట్టేనని ఆమె నమ్మకం.

వెంట ట్రాలీ ఆటో నడిపే నాన్న మైసయ్య.

"తిరుపతన్నా, నా బిడ్డ ఏదడిగితే గదియ్యి. ఎన్కముందు చూడకు," అని గట్టిగా చెప్పి, "చాయ్ తాగొస్త" అంటూ బయటికి నడిచాడు.

ప్రాసెసర్ వాసనలో నెగ్గింది. ర్యామ్ నెగ్గింది. రంగుల లైట్ల ఫ్యాన్ల దగ్గర తిరుపతి ఆగాడు.

"గివెందుకు బిడ్డా, పెండ్లి బండి లెక్క?"

"ఆటలాడే కంప్యూటర్లకు ఉంటయి కాకా."

"లైట్లు గురి చూస్తయా?"

"చూడయి గని మంచిగుంటయి."

"సరే, వాసనైతే మంచిగనే ఉన్నది."

ఈలోపు మైసయ్య రెండో చాయ్‌కి వెళ్లొచ్చాడు. మూడో చాయ్‌కీ లేచాడు. అతను వచ్చి కూర్చున్నాక, "నాకు సుత నాలుక పీకుతున్నది" అని తిరుపతి తనూ సాయిలు హోటల్‌కి వెళ్లాడు. వచ్చీ రాగానే పెద్ద కార్డు డబ్బా అందుకుని, ఎన్నడూ లేనంత సేపు పీల్చాడు.

"ఊహూఁ. మాడు వాసన."

"కాకా, సీలు సుత తియ్యకపోతివి!"

"అట్టకెళ్లే కొడుతున్నది."

"ఇంకోటి చూడు."

చూశాడు. "గిది దాని తమ్ముడే."

వనిత కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా సెలక్షన్ పోతది కాకా."

"పోదు. గీ నడిమి కార్డు తీస్కపో. నువ్వాడే ఆటకు గిదే ఎక్కువ. సెలక్షన్ పోయిందనుకో, నా ముక్కు కోసి నీ చేతుల పెడ్త."

మైసయ్య గొంతు సవరించుకున్నాడు. "పెద్దదే ఇయ్యరాదన్నా. నేను చెప్తనే ఉన్న గద."

"నా ముక్కు ఒప్పుతలేదు మైసన్నా."

మైసయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. పాపం నాన్నకు కూడా నిరాశే అనుకుంది వనిత.

తిరుపతి అంతటితో ఊరుకున్నాడా? పవర్ సప్లై మాత్రం దుకాణంలోకెల్లా పెద్దది తీసి ముందు పెట్టాడు. వనితకు ఒళ్లు మండింది. "చిన్న కార్డు అంటగట్టి, దానికి గింత పెద్ద పవర్ సప్లై ఎందుకు?"

"చెట్టు ఎక్కేటోడు నడుముకు మోకు కడతడు. పొట్టి చెట్టని పీలిక మోకు కట్టుకుంటడా? రేపు పెద్ద చెట్టు ఎక్కవా ఏంది?"

కథలాపూర్ చేరేదాకా ఆటోలో వనిత ఆ ముక్కును తిట్టని తిట్టు లేదు. మైసయ్య మాత్రం ఎన్నడూ లేనిది కూనిరాగం తీస్తూ ఆటో నడిపాడు.

పదకొండో రోజు ఆమె మిఠాయి డబ్బాతో దుకాణానికి వచ్చింది. జట్టులో చోటు దొరికింది. తిరుపతి మిఠాయిని కూడా వాసన చూసి, "బతికిన బిడ్డా, ముక్కు దక్కింది" అన్నాడు.

మూడేళ్లు గడిచాయి. మొన్నటి ఎండాకాలం తిరుపతి గుండె ఆగి పోయాడు. ఇప్పటికీ ఎక్కడన్నా పాలు మాడితే కోరుట్లలో ఆ వీధి వాళ్లు ఆ దుకాణం వైపు చూస్తారు.

ఈ మధ్య వనిత తన సంపాదనతో పెద్ద కార్డు కొనడానికి అక్కడికే వెళ్లింది. గల్లాలో తిరుపతి భార్య స్వరూప ఉంది. చాయ్ కోసం వెనక గదిలో పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుంది.

"వాసన చూసేటోడే పాయె. ఎట్ల కొనాలె చిన్నమ్మా?" అంది వనిత.

స్వరూప కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆయనకు వాసన ఏడిది బిడ్డా? పద్దెనిమిదేండ్లకు తాటిచెట్టు మీదికెళ్లి పడి తలకు దెబ్బ తాకింది. గప్పుడే పోయింది. కల్లు పులిసిందో లేదో తెల్వకనే గా పని ఇడిశిపెట్టిండు."

వనిత నోరు తెరుచుకుంది. "మరి సాయిలన్న ప్లాటు?"

"అమ్మేటోడు సాయిలన్న బామ్మర్ది. ఈయన రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఇచారిస్తే సంగతి తెల్సింది. నోటితోని చెప్తే చుట్టరికం చెడుతదని ముక్కుతోని చెప్పిండు."

"నా కార్డు?"

"మీ నాయిన చాయ్ తాగవోయి ఆటో అమ్మకానికి బేరం పెట్టిండట. సాయిలన్న ఈయన చెవుల ఏసిండు. మీ నాయిన మాట పోవద్దు, నీ ఆట పోవద్దు, ఆటో పోవద్దు. పోతే నా ముక్కే పోనీ అన్నడు."

వనిత పెద్ద కార్డు డబ్బా మీద రాసిన కరెంటు లెక్క చూసుకుంది. తర్వాత మెల్లగా, "పవర్ సప్లై మార్చేది లేదు చిన్నమ్మా. పెద్ద కార్డుకు సుత కాక ఇచ్చిందే ఆగుతది" అంది.

అంతలో సిరిసిల్లలో మరమగ్గం నడిపే దేవేందర్, ఇంటర్ చదివే కొడుకుతో వచ్చాడు. కొడుకు వేలు నేరుగా పెద్ద కార్డు మీదికి వెళ్లింది. దేవేందర్ వేలి ఉంగరం తిప్పుకుంటూ స్వరూప వైపు వంగి, "అక్కా, ఈడ బంగారం కొనేటోళ్లు ఎవలన్న ఉన్నరా?" అని గుసగుసగా అడిగాడు.

స్వరూప వనితను చూసింది. వనిత డబ్బా అందుకుని తెరిచింది, కళ్లు మూసుకుంది, ముక్కు లోపలికంటా దూర్చింది. కొత్త అట్ట, కొత్త ప్లాస్టిక్. కమ్మటి వాసన.

"ఊహూఁ, తమ్మీ. మాడు వాసన."

"ఊకో అక్కా! కొత్త కార్డుకు మాడు వాసనేంది?" అంటూ పిల్లవాడు డబ్బా లాక్కుని తనూ ముక్కు పెట్టాడు. వాడి మొహం మారిపోయింది. "అవ్ బాపూ, నిజంగనే మాడు!"

దేవేందర్ పెద్దగా ఊపిరి వదిలాడు.

పక్కనుంచి సాయిలు కేక వినిపించింది. "స్వరూపా! పాలు మాడుతున్నయ్!"

ఇద్దరు ఆడవాళ్లూ ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"మాకెరికే సాయిలన్నా, మాడనియ్యి!" అంది వనిత.