వాయించింది సన్యాసమ్మ

ముందు ఇనుము మీద వాన పడుతున్న చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే ఆకాశం ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. చప్పుడు ఊరి బయట బెల్లం వండే పాకలోంచి వస్తోంది. నాలుగు చినుకులు, కాస్త ఆగడం, మళ్ళీ ఆరు. వంగి లోపలికి చూశాను. చెరకు ఆడటం అయిపోయాక బోర్లించిన పెద్ద పెనం ముందు ఒకమ్మాయి గొంతుక్కూర్చుని, రెండు పుల్లలతో వాయిస్తోంది.

పెళ్ళిళ్ళకు బ్యాండు మేళం నడిపే పరదేశి అనే అతని కూతురు, సన్యాసమ్మ. పందొమ్మిదేళ్ళది. మేళం డ్రమ్ములకు తోళ్ళు బిగించేది తనే. వాయించేది మాత్రం మగవాళ్ళు.

అది డెబ్బై రెండో సంవత్సరం. చోడవరంలో మేం ముగ్గురు కుర్రాళ్ళం పాటల పార్టీ పెట్టాం. విశాఖపట్నంలో పాత డ్రమ్ముల సెట్టు కొన్నాం గాని, వాయించే మనిషి దొరకలేదు. గిటారు నాది. ఆమెను రమ్మన్నది నేనే.

మూడు నెలలు ఆ పాకలోనే సాధన. నేను తొందరపడితే పుల్ల ఎత్తి ఆపేసేది.

"ఏటి బాబూ, ఆఖరి బస్సు ఎళ్ళిపోతందా?"

ఆమెకు ఒకటే ఆశ. "మా అయ్యకి ఇప్పుడే సెప్పకండి. ఆడగుంటకి డ్రమ్ము ఏటంటాడు. గౌరమ్మ సంబరంలో ఊరందరితోపాటు కళ్ళారా సూడాల."

సంబరం సాయంత్రం, కమిటీ పెద్ద బంగార్రాజు గారు వేదిక చుట్టూ ఒకసారి తిరిగి, డ్రమ్ముల దగ్గర ఆగారు.

"ఇదేటిది? ఆ గుంట కాళ్ళు ఎడం సేసి దీని ముందు కూకుంటాదా? మైకిచ్చి పాడమనండి. నేదంటే పోగ్రాం నేదు."

"నాకు పాట రాదండి. ఇదే వచ్చు," అంది సన్యాసమ్మ.

అని, నాకేసి చూసింది. ఆమె లేకపోతే మేమూ లేమని చెప్పాలి. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కాని జనం వచ్చేస్తున్నారు. దీపాల వెలుగులో గిటారు పట్టుకుని నిలబడాలని మూడు నెలలుగా కలలు కంటున్నాను.

"దుప్పటి అడ్డం కడదామండీ," అన్నాను.

ఆమె దాని వెనక వాయించింది. కోపం అంత లెక్కగా నడుస్తుందని నాకు అంతవరకు తెలియదు. జనం ఈలలు వేశారు. "డ్రమ్ము కొట్టినోడెవుడ్రా, బయటికి రమ్మనండి!" మొదటి వరసలో పరదేశి లేచి నిలబడి, మెడ సాచి చూస్తున్నాడు.

బంగార్రాజు గారు దండతో వచ్చి, మైకులో నవ్వారు. "ఆడికి సిగ్గంట. ఆడి తరపున నువ్వేయించుకో బాబూ."

నేను తల వంచాను. బంతిపూలు మెడకు చల్లగా తగిలాయి.

తర్వాత ఆమె సాధనకు రాలేదు. నెల పోయాక ఇంటికి వెళ్ళాను. అరుగు మీద తోలు బిగిస్తోంది. క్షమించమని అడగడానికే బయలుదేరాను. నోట్లోంచి మాత్రం, "మాడుగులలో ప్రోగ్రాం కుదిరింది, వస్తావా?" అని వచ్చింది.

"రాను."

"వాయించడం మానేస్తావా?"

"మానడమేటి? ఆ రోజు వాయించింది నేనేనని అయ్యకి సెప్పేను. నమ్మలేదు. ఎదురుగా కూకుని వాయించేను. రేపు చీడికాడలో పెళ్ళి. మేళంలో డ్రమ్ము నాదే. ఈదిలో, అందరి ముందల."

"నేనొచ్చి చూస్తాను," అన్నాను.

ఆమె తోలు మీద చెయ్యి ఆపింది.

"రాకు బాబూ. నిన్ను సూస్తే, నిన్ను నమ్మినందుకు నాకు సిగ్గేస్తాది."