చివర ఉన్న ‘యెట్’

కోరుట్లలో రసూల్ సార్ ఇల్లు తెలియనివాళ్లు ఉండవచ్చు గానీ, ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ తెలియనివాళ్లు లేరు. పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. రసూల్ కూడా ఆ మోతలోనే బతకాల్సింది. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పాడు. ఆ పౌరుషంతో ఇంగ్లీషే పట్టుకుని, టైపు నేర్చుకుని, కోరుట్లకు వచ్చి ముప్ఫయ్యేళ్లుగా పిల్లలకు ఆ రెండూ నేర్పుతున్నాడు. తప్పు ఇంగ్లీషు కనబడితే పెళ్లికార్డునైనా దిద్దేవాడు. భార్య రషీదాబీ బీడీలు చుట్టుకుంటూ, “మీకు అన్నంల రాయి తగిలినా గింత బాధ ఉండది” అని నవ్వేది.

రెండువేల పదకొండులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మలు. ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లు గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయి. ఊరంతా పాటలే. ఆ పాటల మధ్య నుంచి అప్పుడప్పుడు పోలీసు జీపు నెమ్మదిగా పోయేది. ఎవరినీ ఏమీ అనేది కాదు. లోపల కూర్చున్నవాడు మాత్రం కెమెరా తిప్పుకుంటూ పోయేవాడు.

ఒక మంగళవారం పొద్దున వెంకటేశం మిఠాయి పొట్లంతో వచ్చాడు. పెగడపల్లి నుంచి వచ్చి కోరుట్లలో స్థిరపడ్డ గీతకార్మికుడు. అతని కూతురు అక్షిత రసూల్ సార్ దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుని నర్సు చదువు చదివింది. సిరిసిల్ల దవాఖానలో ఉద్యోగం వచ్చింది. చేరాలంటే పోలీసు కేసులు లేవని కాగితం కావాలన్నారు. నెల కింద రాస్తారోకోలో ఎవరో బస్సు అద్దాలు పగలగొట్టారు. అక్షిత ఆ రోజు జెండా పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. అందుకే ఇంట్లోవాళ్లు భయపడుతూ దరఖాస్తు పెట్టారు.

“కేసు లేదని రాసిచ్చిండ్రు సారు! నోరు తీపి చేసుకో. ఒక్కసారి సదివి చెప్పు,” అన్నాడు వెంకటేశం.

రసూల్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. జగిత్యాల పోలీసు ఆఫీసు ముద్ర ఉంది, సంతకం ఉంది. మధ్యలో ఇంగ్లీషులో ఒకటే వాక్యం. ఈమె మీద ఏ కేసూ నమోదు కాలేదు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత, చుక్క పెట్టేముందు, ‘యెట్’ అని ఉంది.

ఆయన మళ్లీ చదివాడు. నోట్లోకి పోబోయిన లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

“ఏంది సారు, గట్ల చూస్తున్నవు?”

“వెంకటేశం, కాగితంల కేసు లేదని లేదు. ఇంకా లేదని ఉన్నది.”

“రెండు ఒకటే గదా?”

“బస్సు రాలేదంటే రాలేదు. ఇంకా రాలేదంటే? వచ్చేది ఉన్నట్టు. అందుకే నిలబడి చూస్తరు.”

వెంకటేశం ముఖం నల్లబడింది. “శుభమా అని వస్తె గిదా నీ మాట? నీకు గ్రామరే గావాలె, మా బతుకు గాదు,” అని కాగితం లాక్కుని వెళ్లిపోయాడు.

ఆ రోజంతా రసూల్ అది ఒట్టి పొరపాటేమో అనుకుందామని చూశాడు. కానీ వాక్యంలో మిగతా అక్షరం ఒక్కటీ తప్పు లేదు. ఇంత శుద్ధంగా రాసినవాడు చివర చేయి జారతాడా?

మరునాడు పాత స్కూటర్ మీద జగిత్యాల పోయాడు. దారి పొడుగునా కొట్లకు తాళాలే. ఆ ఆఫీసు ఎదురుగా సగం తలుపు తెరిచిన చాయ్ హోటల్లో కూర్చోగానే ఒక మనిషి వచ్చి పక్కన కూర్చున్నాడు. పరశురాములు. చందుర్తి నుంచి వచ్చి ఒకప్పుడు తన దగ్గర టైపు నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ ఆఫీసులోనే టైపిస్టు.

“మీరు వస్తరనుకున్న సార్,” అన్నాడు, సాసర్లోకి చూస్తూ. “ఆ పిల్ల మీ దగ్గర చదివిందని దరఖాస్తుల చూసిన. కాగితం మీ కంట పడుతదనే ఆ మాట పెట్టిన. నోటితోని చెప్తె నా నౌకరి పోతది.”

“ఏమున్నది లోపల?”

“బస్సు అద్దాల కేసుల ఫొటోలు చూసి పేర్లు పెట్టిండ్రు. పదకొండు మంది. అక్షితది ఏడో పేరు. రేపు కోర్టుకు పోతది లిస్టు. ఎల్లుండి తెల్లారేసరికి జీపులు ఇండ్ల కాడ ఉంటయి.” చాయ్ తాగకుండానే లేచాడు. “నేను మీకు కలువలేదు సార్.”

రసూల్ నేరుగా వెంకటేశం ఇంటికి వచ్చాడు. విన్నాక అక్షిత తల్లి భూదేవి బిడ్డ బట్టలు సంచిలో సర్దసాగింది. బిడ్డను బోయినపల్లిలో చుట్టాలింటికి పంపుదామన్నాడు వెంకటేశం.

అక్షిత ఒప్పుకోలేదు. “నేను అద్దం పలగ్గొట్టలేదు బాపూ. దాక్కుంటె పలగ్గొట్టినట్టే అయితది. వాళ్లు రాకముందే నేనే పోత.”

వకీళ్లు కోర్టులు బహిష్కరించారు గానీ ఉద్యమం కేసులకు మాత్రం వచ్చేవాళ్లు. గురువారం అక్షిత వకీలుతో వెళ్లి కోర్టులో లొంగిపోయింది. సాయంత్రానికి బెయిలు వచ్చింది. జమానతు సంతకం రసూల్ పెట్టాడు. రాస్తారోకోలో తనతో కూర్చున్నవాళ్లకు కూడా ఆమె కబురు పంపింది. ఇద్దరే నమ్మారు. శుక్రవారం తెల్లవారకముందే జీపులు వచ్చాయి. దొరికినవాళ్లు పద్నాలుగు రోజులు జైల్లో ఉన్నారు.

పది రోజుల తర్వాత రసూల్‌కు జగిత్యాల పోలీసు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అధికారి మర్యాదగా కుర్చీ చూపించి, ఆ కాగితం నకలు ముందు పెట్టాడు.

“మీరు ఇంగ్లీషుల పెద్దవాళ్లట. గీ ఆఖరి మాటకు ఏమన్న మతలబు ఉంటదా?”

గోడ అవతల టైపు చప్పుడు అప్పుడే ఆగింది. పరశురాములు వింటున్నాడని రసూల్‌కు అర్థమైంది. ముప్ఫయ్యేళ్లలో ఒక్క మాటకు కూడా తప్పుడు అర్థం చెప్పి ఎరగడు.

“మతలబేం లేదు సార్. తప్పు ఇంగ్లీషు. చేతగానోడు ఎవడో ఇరికించిండు.”

“చేతగానోడా? టైపిస్టు మీ శిష్యుడేనట గద?”

“శానమంది వస్తరు సార్. అందరికి రాదు.”

“మీ అడ్మిషన్ రిజిస్టర్లు పంపండి,” అన్నాడు అధికారి.

రసూల్ పంపాడు. ఆ పుస్తకాలు తిరిగి రాలేదు. ఆరు నెలలు ఇన్‌స్టిట్యూట్ ముందు ఏ బండి ఆగినా ఆయన చేతిలో సుద్దముక్క ఆగిపోయేది. చివరకు పరశురాములుకు దూరం ఊరికి బదిలీ మాత్రం అయింది. పోయేముందు కలవడానికి రాలేదు, రాకూడదని ఇద్దరికీ తెలుసు.

సిరిసిల్ల ఉద్యోగం అక్షితకు దక్కలేదు. జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. తెలంగాణ వచ్చాక కేసు ఎత్తేశారు. అంతదాకా ప్రతి వాయిదాకూ రసూల్ సార్ సంచిలో నీళ్ల సీసా పెట్టుకుని ఆమె వెంట పోయి, కోర్టు వరండాలో పేరు పిలిచేదాకా నిలబడేవాడు.