దండెం కింది పెట్టె

ఆ ఏడు వానాకాలమంతా అహోబిలంలో పుండరీకవల్లమ్మ కోపానికి ఇరుగుపొరుగు జడిసిపోయారు. పడకగదిలో తెల్లటి పురుగులు పుట్టాయి. ఒక్కోటి నూకగింజలో సగమైనా లేదు. గోడ మీద, పరుపు మీద, భర్త వరదాచార్యులు ప్రాణంలా చూసుకునే తాటాకు గ్రంథాల పెట్టె మీద పాకుతున్నాయి.

"గది శుభ్రంగా పెట్టుకోవడం చాతగాదా నీకు?" అన్నాడాయన.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాన తెరిపిచ్చినప్పుడల్లా పరుపును ఎండలోకి ఈడ్చింది. గోడలకు సున్నం కొట్టింది. వేపాకు పొగ వేసింది. వారం తిరక్కుండానే పురుగులు మళ్లీ వచ్చాయి, వాటితోపాటు ఆయన మాటా వచ్చింది.

"ఇవి యాడ పుడుతాండాయో ఈ పొద్దు తేల్చాల్సిందే" అని ఆమె పెట్టె పక్కన చతికిలబడింది. నెత్తిన చల్లటి చుక్క పడింది. కప్పు కారుతోందేమోనని తలెత్తితే, దండెం మీద ఆయన మడి పంచె నీళ్లోడుతోంది. వసారాలో ఆరేస్తే ఎవరైనా తాకుతారని, వానలు మొదలైనప్పటి నుంచీ తలుపులు మూసి ఈ గదిలోనే ఆరేస్తున్నాడు. ఆ నీళ్లన్నీ గ్రంథాల మీదికే! పురుగులు పుడుతున్నది ఆ చెమ్మకే!

ఆమె విసురుగా లేచి పంచె దగ్గరికి పోయింది. ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోవద్దే! మడి!"

పంచె అంచు వెంబడి తెల్లటి పురుగులు బారులు తీరి ఎక్కుతున్నాయి.

"నేనేడ ముట్టుకుంటిని? ఇన్నాళ్లుగా ముట్టుకుంటాండేది ఇవి. చెప్పండి వీటికి, మడి అని!"