తెరవని మెయిలు రానట్టే

ఆ ఆఫీసు పేరు చెప్పను. ఆదిలాబాద్‌లో హాస్టళ్లను చూసే ఆఫీసు అంటే చాలు. నేను అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌ని. చేరిన మొదటి రోజే సూపరింటెండెంట్ సారు నాకొక పాఠం చెప్పారు. ఆఫీసు మెయిల్ తెరిచి, ఇంకా తెరవనందుకు లావు అక్షరాలతో ఉన్న వరసల్లో కొన్నింటి మీద వేలు పెట్టి చూపించారు. "గివి తెరువకు బిడ్డా. తెరిస్తే వచ్చినట్టు, తెరువకపోతే రానట్టు."

అప్పుడు అర్థం కాలేదు, నెల తిరిగేసరికి అర్థమైంది. మెయిల్ తెరిస్తే ప్రింటు తీయాలి. ప్రింటు తీస్తే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించి నంబరు వేయాలి. నంబరు పడ్డాక ఎవరో ఒకరు దానికి జవాబు రాయక తప్పదు. అందుకని హాజరు పట్టీలు, కూరగాయల పట్టీలు లాంటివి రోజూ తెరిచేవాళ్లం. గోడ కూలిందనీ, పంపు చెడిపోయిందనీ, మంచాలు కావాలనీ వచ్చేవి మాత్రం లావు అక్షరాలుగానే ఉండిపోవాలి. హాస్టల్ నుంచి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే "మెయిల్ రాలే" అనాలి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, మా ఆఫీసంతా కలిసి కళ్లు మూసుకునేది.

నా పని పొద్దున పదింటికి మొదలయ్యేది. ఒక్కో హాస్టల్ నుంచి ఒక్కో మెయిల్, దానికో అటాచ్‌మెంట్. తెరవాలి, డౌన్‌లోడ్ నొక్కాలి, పేరు మార్చాలి, ఫోల్డర్‌లో పెట్టాలి. పేరెందుకు మార్చాలంటే అందరూ ఫైలును 'బుక్ వన్' అనే పేరుతోనే పంపేవారు. ఒక వార్డెనైతే ఏడాది పొడుగునా 'కొత్తది ఫైనల్' అని పంపింది. మధ్యాహ్నానికి నా కంప్యూటర్‌లో నలభై బుక్ వన్‌లు తయారయ్యేవి. ఏది ఏ ఊరిదో తెలియాలంటే మళ్లీ ఒక్కోటి తెరిచి చూడాలి. సాయంత్రానికి కుడి మణికట్టు వాచేది. డిగ్రీ చదివింది మౌస్ నొక్కడానికా అని ఒళ్లు మండేది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఖాళీ చేశాక మిగిలే అరగంటలో ఫోన్‌లో వీడియోలు చూసి, కంప్యూటర్ చేత పని చేయించే పైథాన్ అనే భాష నేర్చుకున్నాను. నెలన్నర పట్టింది. మెయిళ్లలోని ఫైళ్లను దానంతట అదే దించే స్క్రిప్ట్ ఒకటి రాసి మొదటిసారి నడిపితే ఒక్క ఫైలూ రాలేదు. రెండోసారి ఒక్కటే వచ్చింది. అన్నీ బుక్ వన్‌లే కదా, ఒకదాని మీద ఒకటి పడిపోయి చివరిది మిగిలింది. అప్పుడు ప్రతి ఫైలు పేరుకు ముందు హాస్టల్ పేరు, మెయిల్ వచ్చిన తేదీ, గంట, నిమిషం చేరేలా రాశాను. ఒక సోమవారం పొద్దున మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఫైళ్లు వాటంతట అవే వచ్చి ఫోల్డర్‌లో వరసగా కూర్చున్నాయి. టీ చల్లారేలోపు అంతా అయిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పటిదాకా నేను సొంతంగా తయారుచేసింది అంటూ ఏదీ లేదు.

పని అంత తొందరగా అయిపోవడం సారుకు నచ్చలేదు. "ఉట్టిగ కూసుంటే ఎట్లమ్మా, ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు" అన్నారు. మా బాపు కరీంనగర్ వైపు ఒక చిన్న ఊళ్లో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటాం. ఎనిమిది సాంచెల మధ్య తిరుగుతూ పోగు తెగిన చోట ముడి వేస్తాడు తప్ప చేత్తో నాడె విసిరి నేయడు. మా బాపును ఎవరూ ఉట్టిగా తిరుగుతున్నావని అనలేదు సార్ అన్నాను. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అన్నాను.

అసలు గొడవ వారం తిరక్కుండా వచ్చింది. ఒక మధ్యాహ్నం సారు తన కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి కొయ్యబారిపోయారు. లావు అక్షరాలు ఒక్కటీ లేవు, అన్నీ సన్నబడ్డాయి. నా స్క్రిప్ట్ అటాచ్‌మెంట్ తెచ్చుకుంటూ, ప్రతి మెయిల్‌నూ చదివినట్టు గుర్తు పెట్టేస్తోంది. అలా చేస్తుందని నాకు తెలియదు. ఎన్నాళ్ల నుంచో రాకుండా ఆపిన మెయిళ్లన్నీ వారం రోజుల్లో వచ్చేశాయి. ఆ సాయంత్రం సారే కూర్చుని ఒక్కోదాన్నీ మళ్లీ చదవనట్టు మార్చుకున్నారు. ఆయన అంతసేపు మౌస్ పట్టుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

స్క్రిప్ట్ ఆపేయమన్నారు. ఆపలేదు. ఇంటికి వెళ్లి వెతికితే దారి దొరికింది. మెయిల్‌ను కదపకుండా తొంగిచూసి ఫైలు మాత్రం తీసుకో అని చెప్పడానికి ఒక పదం ఉంది. ఆ ఒక్క పదం చేర్చాను. మెయిళ్లు లావుగానే ఉన్నాయి, ఫైళ్లు నా దగ్గరికి వచ్చాయి. సారు అక్షరాలు సారుకు, నా ఫైళ్లు నాకు. నా అంత తెలివైనది ఆదిలాబాద్‌లో లేదనుకుని మురిసిపోయాను.

డిసెంబర్ వచ్చింది. ఆదిలాబాద్ చలి మా వైపు వాళ్లకు చెబితే నమ్మరు. పొద్దున తొమ్మిది దాటినా ఆఫీసు ముందు అటెండర్లు ఎండుపుల్లలు పోగేసి మంట కాగేవారు. పత్తి బండ్ల వెంట వచ్చిన వాళ్లు అక్కడే ఆగి, సగం మరాఠీ సగం తెలుగులో చలిని తిట్టి పోయేవారు. అలాంటి ఒక రోజు పేపర్లో ఫొటో పడింది. గుట్టల అవతల ఒక ఆడపిల్లల హాస్టల్‌లో ఒకే రగ్గు కింద ముగ్గురు పడుకుని ఉన్నారు. పై ఆఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సారు నన్ను పిలిచి ఆ వార్డెన్‌కు మెమో కొట్టమన్నారు. రగ్గుల ఇండెంటు, అంటే ఏమేం కావాలో రాసే పట్టీ, సకాలంలో పంపనందుకు ఆమెను ఎందుకు తొలగించకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. ఆమెదీ నాలాగే కాంట్రాక్టు నౌకరీ. నేను ఒక్క తప్పు లేకుండా కొట్టి సంతకానికి పెట్టాను. ఆ ఇండెంటు వచ్చిందో లేదో నా ఫోల్డర్‌లో చూడాలని మాత్రం తోచలేదు.

మూడో రోజు ఆమే వచ్చింది. రెండు బస్సులు మారి, శాలువా మీద దుమ్ముతో, చేతిలో ఆ మెమో. మూడుసార్లు పంపానని సారుకు తన ఫోన్‌లో చూపించింది. సారు ఫోన్ వైపు చూడలేదు.

"పంపుడు వేరు, వచ్చుడు వేరమ్మా. మాకు రాలే" అన్నారు.

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. "నౌకరి పోతె పోనియ్యిండ్రి సార్. పిల్లలు రోజు అడుగుతుండ్రు, రగ్గులెప్పుడొస్తయని. పంపిన అని చెప్పిన. నేను అబద్ధం చెప్పిన్నని వాళ్లు అనుకోవద్దు" అంది.

నేను నాలుగు అడుగుల దూరంలో కూర్చున్నాను. ఆమె హాస్టల్ పేరు కొట్టి వెతికాను. మూడు ఫైళ్లు. సెప్టెంబర్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి, నవంబర్‌లో ఒకటి, గంట నిమిషాలతో సహా. మొదటిసారి తెరిచాను. ఒక్కో అమ్మాయి పేరు, తరగతి, ఎదురుగా రగ్గు ఉందా లేదా. ఉన్నదానికి 'చినిగినది' అనో 'అక్కతో కలిసి' అనో రాసి ఉంది. నవంబర్ పట్టీ అడుగున ఒక వాక్యం ఎక్కువ ఉంది: చిన్న పిల్లలకైనా ముందు పంపగలరు.

సిగ్గుతో నా చెవులు కాలాయి. సారు తెరవలేదు, సరే. మరి నేను? నవంబర్ వాక్యం నెల రోజులుగా నా కంప్యూటర్‌లోనే ఉంది. ఫైలు ఫోల్డర్‌లో పడితే నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కావాలని చూడలేదు, నాకు చూడాలనే తోచలేదు. ఒకే రగ్గు కింద పడుకున్న ఆ ముగ్గురు పిల్లలకు ఈ రెండింటికీ తేడా ఏముంటుంది?

"వచ్చినయి సార్. మూడు వచ్చినయి" అన్నాను.

సారు ఆమెను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడారు. "గా ఫైళ్లు తీసెయ్యి బిడ్డా. మార్చిల నీ రెన్యువల్ ఉన్నది. ఎందుకు పరేషాన్ అయితవు."

భయమేసింది. భయపడలేదని చెబితే అబద్ధం. వరండాలోకి వెళ్లి బాపుకు ఫోన్ చేశాను. సాంచెల చప్పుడులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. సారు చెప్పినట్టు విను, పెద్దోళ్లతో మనకెందుకు అన్నాడు బాపు. ఆయన మీద కోపమొచ్చింది. "పోగు తెగినట్టు కండ్లవడ్డంక నువ్వు సూడనట్టు పోతవా బాపూ?" అని అడిగాను. అవతల ఒక సాంచె ఆపిన చప్పుడు వినిపించింది. "పోను" అన్నాడు.

లోపలికి వచ్చి మూడు పట్టీలూ ప్రింటు తీశాను. ఇన్‌వర్డ్ రిజిస్టర్ ముందుకు లాక్కుని ఆ రోజు వరసలో మూడు నంబర్లు వేశాను. విషయం, రగ్గుల ఇండెంటు. మెయిల్ వచ్చిన తేదీలు మూడూ రాశాను. రిమార్కుల గడిలో 'ఆఫీసులో తెరవలేదు' అని రాసి కింద నా సంతకం పెట్టాను. సారు పక్కనే నిలబడి చూస్తున్నారు. ఆ రిజిస్టర్‌లో ప్రతి పేజీకీ నంబరు, ముద్ర ఉంటాయి. చింపలేరు, కొట్టేయలేరు. కొట్టేస్తే కొట్టేసినందుకు ఆయనే సంజాయిషీ రాయాలి. కొరివితో తల గోక్కుంటున్నానని నాకు తెలుసు. అయినా ఒక్క అక్షరం తప్పు పోకుండా రాశాను, అదొక్కటి గర్వంగా చెప్పుకుంటాను.

బయటికి వెళ్లి ఆ మూడు నంబర్లూ చీటీ మీద రాసి ఆమెకిచ్చాను. "సంజాయిషీల గీ మూడు నంబర్లు రాయి అక్కా. ఇంకేం రాయకు" అన్నాను. అవి నా దగ్గర ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో కూడా చెప్పాను. ఆమె చీటీ మడిచి శాలువా కొంగులో ముడేసుకుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

ఆ నంబర్లతో ఆమె సంజాయిషీ చేరాక మెమో సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జనవరి మొదట్లో ఆమె ఫోన్ చేసి, రగ్గులు వచ్చాయి చెల్లె, ఒక్కొక్కరికి ఒకటి అంది. ఆ రోజే నా స్క్రిప్ట్‌లో మెయిల్‌ను కదపొద్దని నేను చేర్చిన ఆ ఒక్క పదాన్ని తీసేశాను. మర్నాటి నుంచి రోజూ పొద్దున మెయిళ్లన్నీ సన్నబడేవి. ప్రతి పట్టీనీ తెరిచి చదివి, నంబరు వేసేదాన్ని. పని మళ్లీ సాయంత్రం దాకా పట్టేది, మణికట్టు మళ్లీ వాచేది. సారు నాలుగు రోజులు కూర్చుని వాటిని మళ్లీ చదవనట్టు లావు చేసుకున్నారు. ఐదో రోజు మానేశారు.

మార్చి వచ్చింది. ఆఫీసులో కాంట్రాక్టు వాళ్లందరికీ రెన్యువల్ కాగితాలు వచ్చాయి, నాకు రాలేదు. సారు టేబుల్ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన తల ఎత్తకుండా, "నీ దరఖాస్తు మాకు రాలేదమ్మా" అన్నారు.

ఆ మాట వస్తుందని ఫిబ్రవరిలోనే అనుకున్నాను. దరఖాస్తును నేను ఆఫీసు మెయిల్‌కే పంపాను. అందరి ఫైళ్లతో పాటు నా ఫైలునూ నా స్క్రిప్టే తెచ్చి ఫోల్డర్‌లో పెట్టింది. ఆ రోజే ప్రింటు తీసి రిజిస్టర్‌లో ఎక్కించాను.

"వచ్చింది సార్. ఇన్‌వర్డ్ నంబరు చెప్త, రాసుకోండ్రి" అన్నాను.

సారు తల ఎత్తారు. తర్వాత ఆయన పెన్ను మూత తీశారు.