ఏడు రోజుల మాత్రలు

సాలూరులో మాది లారీ విడిభాగాల దుకాణం. పెళ్లయిన మూడో ఏడు నాకు తెల్లబట్ట మొదలైంది, చేపల నీచు లాంటి వాసనతో. ఎన్నిసార్లు కడుక్కున్నా పోదు. దుకాణంలో కూర్చుంటే ఎదుటివాళ్లకి తెలిసిపోతోందేమోనని ముడుచుకుపోయేదాన్ని. మా ఊళ్లో మందుల షాపుల వాళ్లంతా మా చుట్టాలే. నోరు విప్పితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అందుకని పుట్టింటికని చెప్పి విజయనగరం వెళ్లి డాక్టరమ్మకి చూపించుకున్నాను. రోజుకి రెండు మాత్రలు, ఏడు రోజులు. మధ్యలో ఆపొద్దని మరీ మరీ చెప్పింది.

రెండో రోజుకే నోరు పాడైంది. దుకాణంలో నట్టు ఒకటి నోట్లో వేసుకుని చప్పరిస్తున్నట్టు ఒకటే ఇనుము రుచి. అన్నం చూస్తే వికారం. వాసన మాత్రం తగ్గింది, అదొక్కటే సుఖం. నాలుగో రోజు పెరట్లో వాంతి చేసుకుని తలెత్తితే మా అత్త నిలబడి ఉంది.

"నీళ్లోసుకున్నావేటే? సెప్పవేటే!"

కాదన్నాను. వింటేనా? మూడేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి. పోపులపెట్టె వెనక దాచిన మాత్రలు వెతికి పట్టుకుని, "కడుపుతో ఉన్నోలు ఇవి మింగుతారేటి?" అంటూ కాలవలో పారేసింది. అవి దేనికో ఒక్క మాట చెప్తే సరిపోయేది. సిగ్గుతో చచ్చి చెప్పలేదు. అందుకు నా మీద నాకిప్పటికీ కోపమే. మర్నాటికి చుట్టాల వాట్సాప్ గ్రూపు నిండా శుభాకాంక్షలు.

పదిరోజుల్లో ముట్టు వచ్చింది, ఆ వెనకే వాసనా వచ్చింది. నేనేదో మోసం చేసినట్టు అత్త ముఖం మాడ్చుకుంది. మళ్లీ విజయనగరం, మళ్లీ అవే మాత్రలు. పూర్తిగా వాడినా కొందరికి తిరగబెడుతుందనీ, అలాగైతే మళ్లీ రమ్మనీ చెప్పింది డాక్టరమ్మ. ఇదేం మందు తల్లీ అని తిట్టుకుంటూ బస్సెక్కాను. మూడో రోజు మళ్లీ వాంతి. మళ్లీ వెనకాల అత్త.

ఈసారి నేనే అరిచాను. "కడుపు కాదత్తా! తెల్లబట్ట, వాసన. విజయనగరంలో డాక్టరమ్మ ఇచ్చిన ఈ మాత్రలకే వాంతులవుతన్నాయి. ఏడు రోజులూ మింగుతాను. ముట్టుకున్నారంటే ఊరుకోను!"

అత్త లోపలికెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇచ్చాక కూడా కదల్లేదు.

"ఆ డాక్టరమ్మ నన్ను కూడా సూస్తాదేటే?"

"మీకా? ఎప్పట్నుంచి?"

"నీ మొగుడు పుట్టినకాడ్నుంచి."

మా ఆయనకి అప్పటికి ముప్పై రెండేళ్లు.