పెట్టెల పైన ఎవరి జంపఖానా?

ఇయ్యాల మా మగ్గాల షెడ్డుల జర్మనీకి పంపే జంపఖానాలు ప్యాక్ చేసినం. పోర్టుల కస్టమ్స్ వాళ్లు పెట్టె తెరిస్తే ముందుగాల పైదే చూస్తరని, పైన నా పక్క మగ్గం రూతు నేసింది పెట్టమన్నడు మా సేటు. నాకు కడుపు మండింది. ఆమెకు నేత నేర్పిందే నేను! సేటు చాయ్‌కి పోంగనే ఆమెది కిందికి నెట్టి, నాది పైన పెట్టిన. మర్లి చూస్తే ఎనక రూతే నిలవడి ఉన్నది.

“అక్కా, జర ఆగు,” అన్నది.

లొల్లి పెడ్తదనుకున్న. నా జంపఖానా అంచుకు వేలాడే దారం కత్తిరించి, ముడతలు సాపు చేసి, “ఇగ టేపు ఎయ్యి,” అన్నది.

పెట్టె లారీ ఎక్కింది. ఇన్నాళ్లు ఆమె నేత చూసి కుళ్లుకున్న. ఇప్పుడు ఆమె మనసు చూసి గూడ కుళ్లుకోవాల్నా? మీరే చెప్పున్రి.