ఇసుక సంచి ఎత్తిన చేతులు

వార్డులో ఆయాగా పనిచేసే కాంతమణికి ఆస్పత్రి కంపు ఏనాడో అలవాటైపోయింది. చీము, ఫినాయిలు, బెడ్‌పాను, దేనికీ ఆమె ముక్కు మూసుకునేది కాదు. సొంత అన్న ప్రభుదాస్ మాటలు వింటే మాత్రం మూసుకోవాలనిపించేది.

పోలీస్ యాక్షన్ అయిన వారంలోనే అతన్ని నులక మంచం మీద మోసుకొచ్చారు. కుడికాలు పొట్టిగా ఉంది, పాదం బయటికి ఒరిగిపోయింది. డాక్టరు జకర్యా తడిమి చూసి తొడ ఎముక విరిగిందన్నాడు. విరిగిన కొసలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి, కండ బిగుసుకుని వాటిని ఇంకా పైకి లాగుతోంది. అందుకని కాలికి పట్టీలంటించి, తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా ఇసుక సంచి వేలాడదీశాడు. రాత్రీ పగలూ ఆ బరువు లాగుతుంటేనే ఎముక సరిగ్గా అతుకుతుంది. సంచి దించితే జీవితాంతం కుంటడమే.

ఇదంతా ప్రభుదాస్‌కు చెప్పారు. తలూపాడు.

కానీ ఆదివారం ఆరాధన కాగానే బోయిగూడ సంఘమంతా వార్డులో దిగేది. రజాకార్లు తననెలా చితకబాదారో, దేవుడెలా విడిపించాడో ప్రభుదాస్ సాక్ష్యం చెప్పేవాడు. సాక్ష్యం పడుకుని చెబుతారా? లేచి కూచోవాలి. కూచుంటే తాడు గుంజుతోందని మూలిగేవాడు. అయ్యో పాపమని ఎవరో ఒక పుణ్యాత్ముడు సంచి ఎత్తి మంచం మీద పెట్టేవాడు. ప్రార్థన అయ్యేదాకా అది పసిపిల్లలా అతని పక్కన పడుకునేది.

జకర్యా టేపు పెట్టి కొలిచి కాంతమణి మీద మండిపడ్డాడు. కాలు మళ్లీ పొట్టిదవుతోందట. ఇంకోసారి ఇట్లాగే అయితే అలాగే అతుక్కుపోతుందట.

"అన్నా, నీకు కాలు కావాల్నా, సాక్ష్యం కావాల్నా?" అని అడిగింది.

"పాస్టరయ్య ముంగట పండుకోని మాట్లాడితే ఏం మర్యాదనే? జెరసేపు దించితే ఏమైతది?"

అసలు రజాకార్లకు ఇతనెవరో కూడా తెలీదు. ప్రాణభయంతో తాళం వేసి వెళ్లిపోయిన ఒక కుటుంబం ఇంట్లోంచి గ్రామఫోను ఎత్తుకుని గోడ దూకుతూ పడ్డాడు. ఆ పెట్టె వదిన రోసమ్మ మంచం కింద, గోనెపట్టా చాటున ఉంది. వదినే ఏడుస్తూ చెప్పింది. పరువు పోతుందని ఆడవాళ్లిద్దరూ నోరు మూసుకున్నారు.

మళ్లీ ఆదివారం వచ్చింది. అన్న మూలిగాడు. పాస్టరు దేవసహాయం సంచి మీద చెయ్యేశాడు.

"పాస్టరయ్యా, దాన్ని ముట్టకున్రి," అంది కాంతమణి. "మా అన్నను ఎవ్వరు కొట్టలే. లూటీకి పోయి గోడ మీదికెల్లి పడ్డడు. గ్రామఫోను ఇంట్లనే ఉంది, పోయి సూస్కోన్రి."

పాస్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆరోజు ఎవరూ ప్రార్థన చేయలేదు, ఆ తర్వాత ఎవరూ రాలేదు. సంచి వేలాడుతూనే ఉంది. వినేవాళ్లు లేక ప్రభుదాస్ లేచి కూచోలేదు.

ఎముక అతికింది. జకర్యా రెండు కాళ్లూ కొలిచి తేడా లేదన్నాడు. ప్రభుదాస్ మల్కాజ్‌గిరికి మకాం మార్చి, కొత్త సంఘంలో పాత సాక్ష్యం షురూ చేశాడు. అక్కడ నవ్వారట. అంత చితకబాదితే ఇంత చక్కగా ఎలా నడుస్తున్నావని అడిగారట. ఆ కోపంతో ఆస్పత్రికొచ్చి చెల్లెలి మీద పడ్డాడు.

"కాలు జెర వంకరుంటే నమ్ముదురు. చూపెట్టనీకి ఒక్క గుర్తు సుత లేకుండ చేసినవ్."

కాంతమణి కడగాల్సిన బెడ్‌పాను తీసుకుని వెనక పంపు దగ్గరికి నడిచింది. ఆ కంపే నయమనిపించింది.